కొత్త పాట వినకముందే తెలిసిపోతోంది: పాట మారిందా, చెవి ముదిరిందా?

ఏడోస్వరం
నిన్న రాత్రి ఒక కొత్త పాటను మొదటిసారి విన్నాను. చరణం సగానికి రాగానే, ఇక డ్రమ్స్ ఆగిపోయి, గొంతు ఒక్కటే మిగిలి, ఒక్క బీట్ నిశ్శబ్దం తరువాత పల్లవి వచ్చి పడుతుందని నాకు తెలిసిపోయింది. ఆ పల్లవి ఏ స్వరం మీద ఎత్తుకుంటుందో కూడా ముందే కూనిరాగం తీశాను. సరిగ్గా అదే స్వరం మీద ఎత్తుకుంది. ఎన్నడూ వినని పాటను వినకముందే పాడగలిగినందుకు మొదట సంతోషం కలిగిన మాట నిజమే గాని, ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఒకప్పుడు తరువాత ఏమి వస్తుందోనని చెవులు రిక్కించి కూర్చునేవాడిని. ఇప్పుడు వచ్చేదేమిటో ముందే తెలిసి, అది వచ్చిందో లేదో సరిచూసుకుంటున్నాను. అందరికీ చేరే జనాదరణ సంగీతం నిజంగానే ఇంతగా ఒక మూసలో పడిపోయిందా, లేక ఇరవై అయిదేళ్ళుగా వింటున్న నా చెవే ముదిరిపోయిందా?

పాతపాటలపెట్టె
మీ చెవి తప్పు కాదు. దీన్ని కొలిచి చూసినవారు ఉన్నారు. 2012లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, 1955 నుంచి 2010 వరకు విడుదలైన పాశ్చాత్య జనాదరణ సంగీతం నుంచి 4,64,411 రికార్డింగులను కంప్యూటర్‌తో పరిశీలించారు. అన్ని దశాబ్దాలలోనూ వాడుతున్న స్వరాల కలయికలు ఇంచుమించు ఒకటే గాని, ఒక కలయిక నుంచి మరొకదానికి వెళ్ళే దారులు క్రమంగా తగ్గిపోయాయని తేల్చారు. వాద్యాల నాదంలోని వైవిధ్యం 1960ల మధ్యలో ఎక్కువగా ఉండి, అక్కడి నుంచి తగ్గుతూ వచ్చింది. పెరిగింది ఒక్కటే, పాట వినిపించే బిగ్గరతనం. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

గణితప్రియ
పాతపాటలపెట్టె గారు చెప్పిన పరిశోధన ఉన్నమాట నిజం. అయితే దానికి ఎదురుగా నిలిచే మరొకదాన్ని కూడా ఇక్కడ ఉంచాలి. 2015లో రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్ పత్రికలో, అమెరికాలో 1960 నుంచి 2010 వరకు, వారం వారం ఎక్కువ ఆదరణ పొందిన పాటలను చూపే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలోకి ఎక్కిన దాదాపు 17,000 పాటలను పరిశీలించిన వ్యాసం వచ్చింది. సంగీతం ఏకరూపమవుతోందనడానికి వారికి ఆధారం దొరకలేదు. 1964, 1983, 1991 సంవత్సరాల దగ్గర మూడు పెద్ద మలుపులు కనిపించాయి. వైవిధ్యం బాగా పడిపోయింది ఇప్పుడు కాదు, 1980ల మధ్యలో. డ్రమ్ మెషీన్లు, సింథసైజర్లు అందరి చేతికీ వచ్చి అందరూ ఒకే రకం మోత మోగించిన కాలం అది. ఆ తరువాత ర్యాప్, హిప్‌హాప్ వచ్చి పట్టిక మళ్ళీ రంగులు మార్చుకుంది. కాబట్టి ఇది ఎప్పటికప్పుడు దిగుతూ పోయే మెట్ల వరుస కాదు, ఆటుపోట్ల వంటిది.

పాతపాటలపెట్టె
ఆ పరిశోధన ఒక్కో పాటలోంచి 30 సెకన్ల ముక్కను మాత్రమే తీసుకుంది, గణితప్రియ గారూ. ముప్పై సెకన్ల ముక్కలో నాదం తెలుస్తుంది, లయ తెలుస్తుంది, ఒకేసారి మోగించే స్వరాల గుంపులైన కార్డ్‌ల పోకడ తెలుస్తుంది. పాట ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్ళి ఎలా ముగిసిందో మాత్రం తెలియదు. ఏడోస్వరం గారి బాధ ఆ నడక గురించే కదా.

గణితప్రియ
ఆ అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను. నిర్మాణం గురించి ఆ వ్యాసం ఏమీ చెప్పలేదు.

తెల్లమెట్లు_నల్లమెట్లు
నేను కీబోర్డ్ నేర్పుతాను. పిల్లలు మొదటి నెలలోనే నాలుగు కార్డ్‌లు పట్టుకుని, ఆ నాలుగింటి మీద తమకు తెలిసిన పాటలు వరుసగా పాడుకుంటూ పోతారు. మేజర్ స్కేల్ అనే ఏడు స్వరాల వరుస‌లో ఒకటి, అయిదు, ఆరు, నాలుగు స్థానాల కార్డ్‌లు అవి. దీన్ని పట్టుకుని అన్ని పాటలూ ఒకటే అనేవారు చాలామంది ఉన్నారు గాని, నేను ఆ మాట ఒప్పుకోను. పన్నెండు ఆవర్తాల బ్లూస్ అనే అమెరికా పాటల తీరు మూడే కార్డ్‌ల మీద నడుస్తుంది, ఏ కార్డ్ ఎన్నో ఆవర్తంలో వస్తుందో విన్నవారందరికీ తెలుసు. అయినా దాని మీద వందేళ్ళ సంగీతం నిలిచింది.

మన పద్యాన్నే చూడండి. వేమన పద్యాలలో ఎక్కువ భాగం ఆటవెలదులే, చివరి పాదం దాదాపు అన్నిటికీ ఒకటే మకుటం. అంటే పద్యం ఎత్తుకోకముందే ఎలా ముగుస్తుందో మనకు తెలుసు. అందువల్ల ఏ పద్యమైనా చప్పబడిందా? చట్రం తెలిసి ఉండడం లోపం కాదు.

ఏడోస్వరం
ఈ పోలిక మీదే నాకు చెప్పాలనిపిస్తోంది. నాలుగో పాదం తెలుసు, నిజమే. అయితే మూడో పాదంలో ఏ ఉపమానం వస్తుందో తెలియదు. మొదటి రెండు పాదాలలో ఒక మాట చెప్పి, మూడో పాదంలో మనం ఊహించని చోట నుంచి ఒక వస్తువును తెచ్చి పక్కన నిలబెడతాడు. ఆ తరువాత తెలిసిన మకుటం వచ్చినప్పుడు అది ముద్ర వేసినట్టు ఉంటుంది. నా ఫిర్యాదు నాలుగో పాదం మీద కాదు. మూడో పాదం కూడా ముందే తెలిసిపోతోందని, కొన్నిసార్లు అసలు మూడో పాదమే ఉండటం లేదని.

తెల్లమెట్లు_నల్లమెట్లు
అలా అయితే మీరూ నేనూ ఒకే మాట చెబుతున్నాము. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికా పాటల రచయితలు ఎక్కువగా వాడిన ముప్పైరెండు ఆవర్తాల కట్టడం సరిగ్గా ఇలాగే ఉండేది. ఎనిమిదేసి ఆవర్తాల నాలుగు భాగాలలో ఒకటి, రెండు, నాలుగు ఒకే బాణీ. మూడోది మాత్రం వేరు. అక్కడ శ్రుతి కాసేపు పక్కకు వెళ్ళేది, కొత్త కార్డ్‌లు వచ్చేవి, నాలుగో భాగంలో తిరిగి మొదటి బాణీ వినగానే ఇంటికి చేరినట్టు అనిపించేది. ఈ మూడో భాగాన్నే బ్రిడ్జ్ అంటారు. నేను పిల్లలకు ఇప్పుడు నేర్పే కొత్త పాటల్లో ఈ భాగం చాలాసార్లు కనబడదు. చరణం, పల్లవి, చరణం, పల్లవి, మళ్ళీ పల్లవి, అంతే. పోయిన వారం ఒక పిల్లవాడు పాత పాట నేర్చుకుంటూ ఆ మూడో భాగం దగ్గర ఆగి, "ఇది వేరే పాటలోకి వెళ్ళిపోయిందేమిటి?" అని అడిగాడు. తప్పు మెట్టు నొక్కానేమోనని తన వేళ్ళ వంక చూసుకున్నాడు కూడా.

కొత్తగాలి
ప్రతి తరమూ ఇదే మాట అంటుంది. 1941లోనే జర్మన్ తత్వవేత్త థియోడర్ అడోర్నో జనాదరణ సంగీతం మీద వ్యాసం రాసి, పాటలన్నీ ఒకే అచ్చులో పోసినవనీ, ఒక భాగాన్ని తీసి మరొక పాటలో పెట్టినా తేడా తెలియదనీ తప్పుపట్టాడు. ఆయన తిట్టింది ఇప్పుడు మీరు మెచ్చుకుంటున్న ఆ ముప్పైరెండు ఆవర్తాల పాటలనే. పాత కాలం నుంచి మనకు మిగిలినవి మంచివి మాత్రమే. మరిచిపోయిన వేల పాటలు ఎలా ఉండేవో ఎవరూ వినడం లేదు.

పాతపాటలపెట్టె
మిగిలినవాటినే చూస్తున్నామన్న మాట సబబే. అందుకే పట్టిక మొత్తాన్ని కొలిచిన లెక్కలు ముఖ్యమవుతాయి. బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి చేరిన పాటలను వరుసగా విన్నవారు గమనించిన విషయం ఒకటుంది. 1990ల దాకా వాటిలో దాదాపు నాలుగో వంతు పాటల్లో మధ్యలో ఎక్కడో శ్రుతి మారేది. 2010ల దశాబ్దానికి వచ్చేసరికి అది దాదాపు మాయమైంది. ఇందులో మరపు పాత్ర ఏమీ లేదు, ఎందుకంటే మొదటి స్థానం పాటల జాబితా మంచి చెడులతో సహా మొత్తం మన ముందే ఉంది.

కొత్తగాలి
శ్రుతి మార్పు తగ్గితే వైవిధ్యం తగ్గినట్టేనా? చివరి పల్లవిని ఒక మెట్టు పైకి లేపడం కూడా ఒకనాటి అరిగిపోయిన ఎత్తుగడే. "ఇప్పుడు పైకి లేస్తుంది చూడు" అని మా ఇంట్లో అందరమూ ముందే చెప్పుకునేవాళ్ళం.

మిక్సింగ్‌బల్ల
పదకొండేళ్ళుగా పాటలు మిక్స్ చేస్తున్నాను, అంటే విడివిడిగా రికార్డ్ చేసిన వాద్యాలనూ గొంతునూ ఒక పాటగా కలుపుతాను. ఈ మార్పు ఎక్కడ జరుగుతుందో నా తెర మీద నాకు ప్రతిరోజూ కనబడుతుంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒకప్పుడు వాద్యబృందం పాట మొదటి నుంచి చివరి దాకా వాయించేది. మూడోసారి పల్లవి వచ్చేసరికి డ్రమ్మర్ చేతులు వేడెక్కి ఉండేవి, వేగం రవ్వంత పెరిగేది, గాయకుడు మొదటిసారి అనని ఒక చిన్న గమకం అనేవాడు. వినేవారికి ఇవేవీ విడిగా తెలియకపోయినా, పాట ముందుకు కదులుతున్నట్టు అనిపించేది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో మొదటి పల్లవిని ఒక్కసారి రికార్డ్ చేసి, రెండో చోట, మూడో చోట అదే ముక్కను అతికిస్తారు. తెర మీద ఆ మూడు ముక్కల అలలను ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. డ్రమ్స్ ప్రతి దెబ్బనూ తెర మీద తాళం చూపే గీతల మీదికి జరుపుతారు. గొంతును 1997లో వచ్చిన ఆటో-ట్యూన్ వంటి సాధనాలతో సరిచేస్తారు. ఇవన్నీ చెడ్డ పనులని నేను అనడం లేదు, నేనే చేస్తాను. అయితే నాలుగు కార్డ్‌ల చుట్టు పాట మొత్తం మారకుండా తిరుగుతూ, పల్లవి కూడా మూడుసార్లూ ఒకే ముక్క అయినప్పుడు, వినేవారి చెవికి రెండో నిమిషంలో కొత్తగా దొరికేది ఏమీ మిగలదు.

రెండో సంగతి కాలం గురించి. ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే (స్ట్రీమింగ్) స్పాటిఫైలో ఒక పాటను 30 సెకన్లు వింటేనే అది విన్నట్టు లెక్క. ఆ ముప్పై సెకన్లలోపు వినేవారు దాటిపోకూడదన్నది ఇప్పుడు పాట కట్టే ప్రతివారి మనసులోనూ ఉంటుంది. రెండేళ్ళ కిందట నేను మిక్స్ చేసిన ఒక పాటకు పద్దెనిమిది సెకన్ల ఆరంభం ఉండేది. తంత్రీవాద్యం ఒకటి ఒంటరిగా మొదలై, నెమ్మదిగా బేస్ చేరి, గొంతు రావడానికి ముందు ఒక ఊపిరి తీసుకున్నట్టు ఆగేది. పాటను విడుదల చేసేవారు దాన్ని నాలుగు సెకన్లకు కోయమన్నారు. కోశాను. గొంతు మొదలైన చోట ఆ ఊపిరికి అర్థమే లేకుండా పోయింది.

గణితప్రియ
మిక్సింగ్‌బల్ల గారి అనుభవానికి బలమైన ఆధారం ఉంది. 1986 నుంచి 2015 వరకు అమెరికా మొదటి పది స్థానాలకు ఎక్కిన 303 పాటలను పరిశీలించిన సంగీతశాస్త్రజ్ఞుడు ఒకరు, గొంతు రావడానికి ముందు ఉండే వాద్యసంగీతం సగటున 20 సెకన్లకు పైనుంచి సుమారు 5 సెకన్లకు తగ్గిందని చూపాడు. అయితే ఈ తగ్గుదల స్ట్రీమింగ్ రాకముందే మొదలైందన్న సంగతి మరువకూడదు. వినేవారి దృష్టి కోసం పోటీ చాలా కాలం నుంచి పెరుగుతూనే ఉంది.

దూరశ్రవణం
యంత్రం పాట కొలతను నిర్ణయించడం కూడా కొత్త కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల పాత రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ పట్టేది. పాట మూడు నిమిషాలు ఉండాలన్న అలవాటు అక్కడి నుంచి వచ్చిందే. నాటి కళాకారులు ఆ మూడు నిమిషాలలో ఎంత ఇరికించారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కొలత చిన్నదైనంత మాత్రాన ఊహ చిన్నది కానక్కరలేదు.

మిక్సింగ్‌బల్ల
దూరశ్రవణం గారూ, తేడా ఒకటి ఉంది. రికార్డు పాటకు ఎంత స్థలముందో చెప్పింది గాని, ఆ స్థలంలో ఏది ఎక్కడ ఉండాలో చెప్పలేదు. ఇప్పటి లెక్క మొదటి అరనిమిషంలో ఏముండాలో కూడా చెబుతోంది.

రెండోచరణం
ఒక్క చిన్న మనవి. మనమంతా కార్డ్‌లనూ నిర్మాణాన్నీ మాత్రమే కొలుస్తున్నాం. మా అమ్మాయికి పదిహేడేళ్ళు, ర్యాప్ వింటుంది. మొదట్లో నాకు అది ఒకే బీట్ మీద ఆగకుండా మాట్లాడినట్టు అనిపించేది. ఒకరోజు తన పక్కన కూర్చోబెట్టుకుని, మాట ఎక్కడ బీట్ మీద పడుతోందో, ఎక్కడ కావాలని వెనకబడుతోందో, రెండు పాదాల తరువాత ఆ బాకీని ఎలా తీర్చుకుంటోందో చేత్తో తాళం వేసి చూపించింది. నాలుగు పంక్తులలో ప్రాస మూడు చోట్ల మారింది. నేను స్వరాల కోసం వెతుకుతుంటే, అక్కడ జరుగుతున్నదంతా లయలోనూ ఉచ్చారణలోనూ జరుగుతోంది. ఊహించని మలుపు లేదని తీర్మానించే ముందు, మనం సరైన చోట వెతుకుతున్నామా అని చూసుకోవాలి.

తెల్లమెట్లు_నల్లమెట్లు
రెండోచరణం గారి మాట ఈ చర్చలో ఇంతవరకు వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. కాగితం మీద రాయడానికి వీలైన దాన్నే సంగీతమనుకునే అలవాటు మా వంటి ఉపాధ్యాయులకు ఉంది.

గణితప్రియ
దీనికి 1991 నాటి ఒక సంగతి తోడవుతుంది. అప్పటిదాకా బిల్‌బోర్డ్ పట్టికలలోని అమ్మకాల లెక్క దుకాణదారులు ఫోనులో చెప్పే మాట మీద ఆధారపడేది. ఆ ఏడాది సౌండ్‌స్కాన్ పద్ధతిలో నిజంగా అమ్ముడైన రికార్డులను యంత్రంతో లెక్కించడం మొదలుపెట్టగానే, ర్యాప్, కంట్రీ సంగీతాలు అనుకున్నదానికన్నా ఎంతో పైన ఉన్నాయని బయటపడింది. జనం వినేది ఒకటి, జనం వింటున్నారని పరిశ్రమ అనుకున్నది మరొకటి.

నిశ్శబ్దరేఖ
మరి అంత వైవిధ్యం కోరే శ్రోతలుంటే పెద్ద సంస్థలు ఒకే మూసను ఎందుకు పట్టుకు వేలాడతాయి?

దూరశ్రవణం
ఏది గెలుస్తుందో వారికి తెలియదు కాబట్టి. 2006లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో, 14,000 మందికి పైగా శ్రోతలకు పెద్దగా పేరులేని బృందాల 48 పాటలను ఇచ్చారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగిలినవారిని ఎనిమిది వేర్వేరు గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది దింపుకున్నారో చూపించారు. ఒక గుంపులో పైకెక్కిన పాట మరో గుంపులో మధ్యలో ఉండిపోయింది. మరీ మంచివి అట్టడుగుకు, మరీ నాసివి పైకి వెళ్ళడం అరుదు గాని, మధ్యలో ఉన్నవాటికి ఏమైనా జరగవచ్చని తేలింది. విజయం ఇంత అనూహ్యమైనప్పుడు డబ్బు పెట్టేవారు నిన్న గెలిచినదానికి దగ్గరగా ఉన్నదాన్నే ఎంచుకుంటారు. పాట మూసలో పడడానికి కారణం ఫలితం ఏ మూసలోనూ ఇమడకపోవడమే అన్నది నా అభిప్రాయం.

కొత్తగాలి
ఇంతకీ ఊహకు అందడం మనసుకు నచ్చనిదే అని ఎవరు చెప్పారు? ఒకే పాటను నేను నలభై సార్లు విని, నలభై ఒకటోసారి ఇంకా ఇష్టంగా వింటాను. అప్పుడు అందులో ప్రతి అక్షరమూ నాకు తెలుసు కదా.

గణితప్రియ
2019లో కరెంట్ బయాలజీ పత్రికలో దీనికి దగ్గరగా ఉన్న సమాధానం వచ్చింది. 745 బిల్‌బోర్డ్ పాటల్లోని 80,000 కార్డ్‌ల మీద లెక్కకట్టి, మాటలూ బాణీ తీసేసి కార్డ్‌ల వరుసలను మాత్రమే శ్రోతలకు వినిపించారు. శ్రోతకు ఆనందం కలిగిన సందర్భాలు రెండు. తరువాత వచ్చేది ఇదేనని గట్టిగా నమ్మినప్పుడు వేరొకటి రావడం ఒకటి, ఏది వస్తుందో తేల్చుకోలేక ఉన్నప్పుడు ఊరటనిచ్చేది రావడం రెండోది. అంటే ముందు ఒక నమ్మకం కలిగించాలి, లేదా ఒక సందిగ్ధంలో నిలపాలి. రెండింటికీ కాస్త సమయం కావాలి.

మిక్సింగ్‌బల్ల
నా పద్దెనిమిది సెకన్ల ఆరంభం చేసిన పని అదే.

రెండోచరణం
ఏడోస్వరం గారూ, ఒక పని చేసి చూడండి. మీరు ఎన్నడూ వినని పది కొత్త పాటలు, ఎన్నడూ వినని పది పాత పాటలు తీసుకోండి. పాత పాటల్లో పేరుపొందినవి వద్దు, కొత్తగాలి గారి అభ్యంతరం గుర్తుంది కదా. నలభై సెకన్ల దగ్గర ఆపి, తరువాత ఏమి వస్తుందో కాగితం మీద రాసుకుని, అప్పుడు మిగిలినది వినండి.

ఏడోస్వరం
నాలుగు రోజులు పట్టింది, చేశాను. కొత్త పాటలు ఈ ఏడాది పట్టికల్లోంచి, పాతవి 1970ల నాటి పట్టికల కింది భాగంలోంచి తీసుకున్నాను.

పల్లవి ఎప్పుడు వస్తుందో, ఎలా ఎత్తుకుంటుందో కొత్త పాటల్లో ఎనిమిదింటికి సరిగ్గా చెప్పగలిగాను. నన్ను నేను నమ్మలేకపోయిన విషయం ఏమిటంటే, పాత పాటల్లోనూ ఏడింటికి చెప్పగలిగాను. కొత్తగాలి గారు అన్నది ఇక్కడ నిజమైంది. మరుగున పడిన ఆ పాటల్లో చాలా వాటికి అప్పటి మూసే ఉంది, అదే తీరు డ్రమ్స్, అదే తీరు వెనక పాడే గొంతులు. ఇక నాదం విషయంలో కొత్త పాటలే నన్ను ఎక్కువసార్లు ఓడించాయి. ఒక పాటలో బేస్ అకస్మాత్తుగా తొలగిపోయి, గాయని ఊపిరి శబ్దాన్నే తాళంగా మలిచారు. అది నేను ఏ కాగితం మీదా రాసి ఉండేవాడిని కాదు.

తేడా రెండు నిమిషాల తరువాత కనబడింది. పాత పాటల్లో ఆరు ఏదో ఒక చోట దారి విడిచి పక్కకు వెళ్ళి వచ్చాయి. ఒకదానిలో అది బాగా కుదరలేదు కూడా, అయినా వెళ్ళింది. కొత్తవాటిలో అలా వెళ్ళినవి రెండే. మిగిలిన ఎనిమిదీ అక్కడికి వచ్చేసరికి ముగిసిపోయాయి, లేదా మొదటి పల్లవినే మళ్ళీ అతికించాయి. కాబట్టి నా మొదటి ప్రశ్నను కాస్త సవరించుకుంటున్నాను. పల్లవి ముందే తెలిసిపోతోందన్న ఫిర్యాదును వెనక్కు తీసుకుంటున్నాను. మూడో భాగం గురించిన ఫిర్యాదును మాత్రం వదలను.

కొత్తగాలి
ఇరవై పాటలు చాలా తక్కువ, అందులో ఎంపిక మీదే. అయినా పాత పాటల్లోనూ ఏడింటిని ముందే చెప్పగలిగానని ఒప్పుకున్నందుకు సంతోషం. ఆ ఊపిరి తాళం పాట ఏదో నాకు విడిగా పంపండి.

తెల్లమెట్లు_నల్లమెట్లు
బాగా కుదరకపోయినా పక్కకు వెళ్ళిన ఆ పాత పాట నాకు కావాలి. పిల్లలకు వినిపించి, అది ఎందుకు కుదరలేదో వారినే చెప్పమంటాను.

మిక్సింగ్‌బల్ల
ఈ వారం నా బల్ల మీద ఒక పాట ఉంది. ఒక నిమిషం యాభై సెకన్ల దగ్గర ఎనిమిది ఆవర్తాల బ్రిడ్జ్ ఉంది, శ్రుతి కిందికి దిగి తిరిగి వస్తుంది. దాన్ని తీసేస్తే పాట రెండున్నర నిమిషాలలోపు సరిపోతుందని నిన్న కబురు వచ్చింది. ఈ చర్చ చదివాక రెండు రూపాలూ మిక్స్ చేశాను, ఉన్నదీ లేనిదీ. బ్రిడ్జ్ ఉన్నదాన్ని ముందు వినమని రాసి, ఇప్పుడే రెండూ పంపాను.